పాత చందమామలు, కామిక్స్ సేకరణ: తరచుగా అడిగే ప్రశ్నలు

"మా తాతగారి ఇంట్లో ట్రంకుపెట్టె నిండా పాత చందమామలున్నాయండీ, ఏం చేయమంటారు?" ఫోన్ ఇలా మొదలవుతుంది, గంటసేపు నడుస్తుంది. అడిగేవాళ్లు వేరు గానీ ప్రశ్నలు మాత్రం దాదాపు అవే. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. పదిహేనేళ్లుగా నేను పోగుచేస్తున్నవి చందమామ, బాలమిత్ర, బొమ్మరిల్లు లాంటి పిల్లల పత్రికలు, ఇంద్రజాల్ కామిక్స్, అమర్ చిత్ర కథలు, కొద్దిగా సినిమా పాటల పుస్తకాలు. నా జవాబులు వాటి చుట్టూనే ఉంటాయి. నాణేలు, స్టాంపులు, గ్రామఫోన్ రికార్డుల సంగతి నాకు తెలియదు.

ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

మీరు చిన్నప్పుడు చదివినదాని దగ్గర్నుంచి. చాలామంది 1947 జూలై చందమామ తొలి సంచిక నుంచి వరసగా అన్నీ కావాలని కూర్చుంటారు, ఆరు నెలలు తిరిగి ఒక్కటీ దొరక్క నీరుగారిపోతారు. ఒక ధారావాహిక పట్టుకోండి, లేదా మీరు పుట్టిన ఏడాది పన్నెండు సంచికలు పట్టుకోండి.

నేను మొదట వెతికింది "రాకాసి లోయ" ధారావాహిక. మా నాన్న చిన్నప్పుడు ఊళ్లో పంచాయతీ లైబ్రరీలో దాన్ని చదివేవారట, చివరికొచ్చేసరికి లైబ్రరీకి పత్రిక రావడం ఆగిపోయింది. మాకు ఆ కథ చెప్పినప్పుడల్లా ముగింపు తనే కల్పించి చెప్పేవారు, ప్రతిసారీ వేరేగా ఉండేది. ఆ ఆఖరి సంచికలు నాకు ఒక పాత పేపర్ల కొట్టులో, పంచాంగాల కట్ట మధ్యలో దొరికాయి. నాన్న కళ్లజోడు పెట్టుకుని, వరండాలో కుర్చీ వెలుగు వైపు తిప్పుకుని, పెదాలు కదుపుతూ చదివారు. అప్పటికి ఆయనకు అరవై దాటాయి. చదవడం అయిపోయాక "నేను చెప్పిందే బాగుంది కదరా" అన్నారు. నేను కొన్న వాటన్నింటిలో నాకు బాగా గిట్టుబాటైన బేరం అదే.

ఏవి తేలిగ్గా దొరుకుతాయి, ఏవి అరుదు?

చందమామ 1970ల నుంచి 90ల దాకా వచ్చినవి ఓపిక ఉంటే దొరుకుతాయి. 1960లవి కష్టపడితే దొరుకుతాయి. 1950ల మొదట్లోవి, అంతకు ముందువి దొరికితే అదృష్టం. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మద్రాసులో మొదలుపెట్టిన ఈ పత్రిక 1998లో ఆగి, 1999లో మళ్లీ మొదలై, 2013 వచ్చేసరికి పూర్తిగా ఆగిపోయింది. చాలామంది ముఖ్యంగా వెతికేది కొడవటిగంటి కుటుంబరావు గారు 1952 నుంచి 1980 దాకా సంపాదకత్వం చూసిన కాలం. దాసరి సుబ్రహ్మణ్యం గారి ధారావాహికలు, చిత్రా గారి బొమ్మలు, శంకర్ గారి బేతాళ కథల బొమ్మలు, వడ్డాది పాపయ్య (వపా) గారి అట్టమీద బొమ్మలు అన్నీ ఆ రోజుల్లోవే. "తోకచుక్క" 1954లో మొదలైంది. ఆ ఏడాది సంచికలు ఎక్కడైనా కనిపిస్తే నాకు ఇప్పటికీ చేతులు వణుకుతాయి.

చందమామ కంటే అరుదైనవి చాలా ఉన్నాయి. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారి "బాల" 1945లో మొదలైంది, 1959 దాకా వచ్చింది. దాన్ని నా చేత్తో పట్టుకున్నది రెండే రెండుసార్లు, రెండుసార్లూ వేరేవాళ్ల ఇళ్లలో. ఇక బస్టాండుల్లో అమ్మిన పాకెట్ సైజు జానపద నవలలు, మంత్రాలూ మాంత్రికులూ ఉండే ఆ చిన్న పుస్తకాలు, వేలకొద్దీ అచ్చయ్యాయి గానీ వాటిని దాచుకోవాలని ఎవరికీ తోచలేదు. చందమామను బౌండు చేయించి బీరువాలో పెట్టుకున్నవాళ్లే ఈ చిన్న నవలని బస్సు సీట్లో వదిలేసి దిగిపోయారు. అందుకే ఇప్పుడు అవి దొరకవు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఈ వైపు చూస్తే బాగుంటుందని నా కోరిక, ఎందుకంటే చందమామను కాపాడేవాళ్లు వందలమంది ఉన్నారు, వీటికి ఎవరూ లేరు.

ఇంద్రజాల్ కామిక్స్ 1964 మార్చిలో ఫాంటమ్ కథతో మొదలై 1990 దాకా వచ్చాయి. నంబర్లు 805 దాకా ఉన్నాయి గానీ వచ్చిన పుస్తకాలు 803. సమ్మె వల్ల 123, 124 అసలు అచ్చే కాలేదు. ఇది తెలియక ఆ రెండింటి కోసం ఏళ్ల తరబడి వెతికినవాళ్లున్నారు, మీరు వెతక్కండి. ఆబిద్ సుర్తీ సృష్టించిన బహదూర్ 1976లో వచ్చి చేరాడు, ఆ పుస్తకాలంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం.

ఎక్కడ దొరుకుతాయి?

హైదరాబాద్‌లో అయితే ఆదివారం అబిడ్స్. దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి ఫుట్‌పాత్ మొత్తం పుస్తకాలు పరుస్తారు. పొద్దున్నే వెళ్లాలి, పదకొండు దాటితే మంచివన్నీ తెలిసినవాళ్ల సంచుల్లోకి వెళ్లిపోతాయి. కోఠీ పాత పుస్తకాల షాపుల్లో ఎక్కువగా కాలేజీ పుస్తకాలే ఉంటాయి, అయినా అడిగి చూడండి. విజయవాడలో లెనిన్ సెంటర్. చెన్నైలో మూర్ మార్కెట్ 1985లో తగలబడిపోయింది, అక్కడి పాత పుస్తకాల వ్యాపారం తర్వాత కూడా ఆ పక్కనే కొనసాగింది. చందమామ పుట్టిన ఊరు కాబట్టి తెలుగు సంచికలు అక్కడ ఇప్పటికీ అప్పుడప్పుడు తగులుతాయి.

అన్నింటికంటే మంచి చోటు మాత్రం ఊళ్లలో పాత పేపర్లు తూకానికి కొనేవాళ్లు. వాళ్లకు ఫోన్ నంబరు ఇచ్చి, "పిల్లల పుస్తకాలు వస్తే కిలో లెక్కన కాకుండా పుస్తకం లెక్కన ఇస్తాను" అని చెప్పండి, చెప్పిన మాట మీద నిలబడండి. రిటైరైన టీచర్ల ఇళ్లు మరో మంచి చోటు. అక్కడికి బేరం ఆడడానికి వెళ్లకండి, కాఫీ తాగి కబుర్లు వినడానికి వెళ్లండి. ఇవ్వాలనిపిస్తే వాళ్లే ఇస్తారు.

ఒక మాట గట్టిగా చెప్తాను. విలువ తెలియని పెద్దావిడ దగ్గర కట్ట మొత్తం రెండొందలకు కొని, వారం తిరక్కుండా ఇరవై వేలకు అమ్మడం చట్టప్రకారం తప్పు కాకపోవచ్చు. నేను మాత్రం చేయను, చేసేవాళ్లతో మాట్లాడను. ధర ఎంత ఉంటుందో చెప్పి, నేను ఇంత ఇవ్వగలనని చెప్పి కొన్నవాటితోనే నాకు నిద్ర పడుతుంది.

ఆన్‌లైన్‌లో కొనొచ్చా?

కొనొచ్చు, చూసి కొనాలి. నాకు తగిలిన దెబ్బ చెప్తాను. 1956 చందమామ ఫుల్ సెట్ అని ఒకాయన పెట్టాడు, అట్టల ఫొటోలు నాలుగు చూపించాడు. నేను మొత్తం డబ్బు ముందే పంపాను. వచ్చింది ఒక బౌండు పుస్తకం. లోపల పది సంచికలే ఉన్నాయి, ఆ ఫొటోల్లోని నాలుగింటికి తప్ప దేనికీ అట్ట లేదు, ఒక సంచికలో నడిమి పేజీలు మొత్తం లేవు. ఫోన్ చేస్తే "పాత పుస్తకం అంటే అలాగే ఉంటుంది సార్" అని పెట్టేశాడు.

అప్పటి నుంచి నేను అడిగేవి: ముందు అట్ట, వెనకట్ట, విషయసూచిక, నడిమి పేజీల దగ్గర పిన్నులు కనిపించేలా ఒక ఫొటో, మొత్తం పేజీలు లెక్కపెట్టి చెప్పిన సంఖ్య, పుస్తకం అంచు పక్కనుంచి తీసిన ఫొటో. వీటికి విసుక్కునేవాళ్ల దగ్గర కొనను. మొదటిసారి ఒకే ఒక్క సంచిక కొంటాను, అది ఎలా ప్యాక్ చేసి పంపారో చూసి మిగతాది ఆలోచిస్తాను. రెండు గట్టి అట్టముక్కల మధ్య పెట్టి, వాన తగలకుండా కవరులో చుట్టి పంపినవాడికి పుస్తకం మీద ప్రేమ ఉన్నట్టే.

అట్ట, మొదటి పేజీలు లేవు. ఏ సంవత్సరానిదో ఎలా తెలుసుకోవాలి?

నాకు చాలా ఇష్టమైన ప్రశ్న ఇది. దీనికోసం పాత సంచిక ముందేసుకుని రాత్రి రెండు దాకా కూర్చున్న రోజులున్నాయి.

ముందు వెల చూడండి. అట్ట లేకపోయినా లోపలి ప్రకటనల్లో ఏదో ఒక ధర ఉంటుంది. అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కి ముందుది, కొత్తలో రెండు లెక్కలూ కలిపి కూడా వేసేవాళ్లు. "న. పై." అనో "నయా పైసలు" అనో ఉంటే 1957 నుంచి 1964 మధ్యది. 1964 జూన్ నుంచి "నయా" తీసేశారు, వట్టి పైసలే. తర్వాత చిరునామా చూడండి. చందమామ ఆఫీసు వడపళనిలో ఉండేది. "మద్రాసు-26" అని మాత్రమే ఉంటే పాతది, ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు తర్వాతది, ఎందుకంటే పిన్‌కోడ్ వచ్చిందే అప్పుడు. "చెన్నై" అని ఉంటే 1996 తర్వాతది.

అప్పటికీ తేలకపోతే సినిమా ప్రకటనలు, ఫొటో వ్యాఖ్యల పోటీ గడువు తేదీలు, ఎన్నో భాగమో చెప్పే ధారావాహిక నంబరు చూడండి. ధారావాహిక నాలుగో భాగం ఉందంటే, అది మొదలైన నెల తెలిస్తే చాలు, వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. నేను ఒక అట్టలేని సంచికను ఇలా 1963 చివరికి లాక్కొచ్చి, తర్వాత ఆరేళ్లకు అదే సంచిక అట్టతో సహా దొరికినప్పుడు పోల్చి చూసుకున్నాను. ఒక నెల తేడా వచ్చింది. అయినా ఆ రోజంతా పండగే.

అసలు ముద్రణా, మళ్లీ వేసిందా అని ఎలా పోల్చాలి?

అమర్ చిత్ర కథల్లో ఇది పెద్ద తలనొప్పి. అనంత్ పాయ్ గారు 1967లో మొదలుపెట్టిన ఈ వరసలో మొదటి పది పుస్తకాలూ పాశ్చాత్య కథలు, మన కృష్ణుడు వచ్చింది 11వ నంబరుగా. అప్పటి నుంచి ఒకే పుస్తకం ఎన్నిసార్లు అచ్చయిందో లెక్కలేదు. తర్వాత నంబర్లు కూడా మార్చారు, అందుకే ఇప్పుడు దొరికే కృష్ణుడి మీద 501 ఉంటుంది. కాబట్టి బొమ్మ ఒకటే కదా అని పాతదనుకోవద్దు. వెల, నంబరు, ప్రచురణకర్త చిరునామా, వెనకట్ట మీద ఇచ్చిన పుస్తకాల జాబితా చూడండి. జాబితాలో ఆఖరి పుస్తకం ఏదో చూస్తే ఈ పుస్తకం ఎప్పుడు అచ్చయిందో దాదాపు తెలిసిపోతుంది.

చేతికి తెలిసే గుర్తులూ ఉన్నాయి. సీసపు అక్షరాలతో అచ్చయిన పేజీని వెనక్కి తిప్పి వేలితో తడిమితే అక్షరాలు కాస్త ఉబ్బెత్తుగా తగులుతాయి. భూతద్దం కింద పాత రంగు అచ్చులో చుక్కలు ఒక క్రమంలో కనిపిస్తాయి, ఇంట్లో ప్రింటరు మీద తీసిన నకలులో ఇసుక చల్లినట్టు చెదిరి ఉంటాయి. పాత కాగితం అంచుల దగ్గర ఎక్కువగా, మధ్యలో తక్కువగా పసుపు తిరుగుతుంది. పేజీ మొత్తం ఒకేలా పసుపుగా, టీ డికాక్షన్ పోసినట్టు ఉంటే అనుమానించండి.

బౌండు పుస్తకాలు కొనొచ్చా?

మన ఇళ్లలో పాత పత్రికలు ఈ మాత్రం మిగిలాయంటే బౌండు చేయించే అలవాటు వల్లే. ఏడాది అయ్యేసరికి పన్నెండు సంచికలూ బైండరుకి ఇచ్చి, కాలికో గుడ్డ అంటించి, వెన్ను మీద బంగారు అక్షరాలతో ఇంటి యజమాని పేరు వేయించుకునేవాళ్లు. వారపత్రికల్లో వచ్చే సీరియల్ పేజీలు మాత్రం చింపి, వాటినే బౌండు చేసుకున్నవాళ్లు ఇంకా ఎక్కువ.

చిక్కు ఏమిటంటే, బైండరు మూడు వైపులా అంచులు కోసేస్తాడు. ఒక్కోసారి వపా గారి సంతకం కూడా ఆ కోతలో పోతుంది. అట్టలు, ప్రకటనలు అనవసరమని తీసి పారేసినవాళ్లూ ఉన్నారు. అందుకని విడి సంచికకు ఉన్న ధర బౌండుకి ఉండదు. చదవడానికైతే నన్నడిగితే బౌండే హాయి. దయచేసి ఒక పని మాత్రం చేయకండి, పాత బౌండు విప్పి విడి సంచికలుగా అమ్ముకోవడం. కుట్టు విప్పేటప్పుడు వెన్ను దగ్గర కాగితం చిరుగుతుంది, ఆ ఇంటివాళ్లు నలభై ఏళ్లు కలిపి ఉంచినది చెల్లాచెదరైపోతుంది.

పేర్లు రాసి ఉన్నాయి, బొమ్మలకు మీసాలు పెట్టారు. విలువ తగ్గుతుందా?

ధర తగ్గుతుంది. నాకు మాత్రం విలువ పెరుగుతుంది. నా దగ్గర ఒక బొమ్మరిల్లు ఉంది, లోపలి పేజీలో నీలం సిరాతో "ఈ పుస్తకం చదివి రేపు సాయంత్రంలోగా తిరిగి ఇవ్వవలెను, లేనిచో పచ్చి" అని ఉంది. పచ్చి అంటే స్నేహం కటీఫ్ అని. దాని కింద వేరే చేతిరాతతో "ఇచ్చితిని". ఎవరా ఇద్దరు పిల్లలు, ఇప్పుడెక్కడున్నారు అని నేను ఎన్నిసార్లు అనుకున్నానో. అద్దె పుస్తకాల షాపుల రబ్బరు ముద్రలు కూడా అంతే, "రోజుకు 10 పైసలు" అన్న ముద్ర ఒక ఊరి చరిత్ర. రబ్బరు పెట్టి చెరపకండి, కాగితం పైపొర లేచిపోతుంది.

ఎలా దాచాలి?

కొంచెం పెద్ద జవాబు, ఓపిగ్గా చదవండి, ఎందుకంటే నేను చూసినంతవరకు పుస్తకాలు పాత పేపర్ల కొట్టులో కంటే మనలాంటి ప్రేమ ఉన్నవాళ్ల ఇళ్లలోనే ఎక్కువ పాడవుతున్నాయి.

ఈ పత్రికల్లో చాలావరకు చవక న్యూస్‌ప్రింట్ మీద అచ్చయ్యాయి. కలప గుజ్జులోని లిగ్నిన్ అందులో అలాగే ఉండిపోతుంది. వెలుతురు, గాలి, వేడి తగిలేకొద్దీ అది రంగు మారుతుంది, కాగితంలో ఆమ్లం పెరుగుతుంది, చివరికి అప్పడంలా పెళుసెక్కి మూలలు రాలిపోతాయి. ఈ పనిని ఆపలేం, నెమ్మది చేయగలం. కాబట్టి మొదటి సూత్రం చీకటి, చల్లదనం, పొడిదనం. ఎండ పడే గోడకు, వంటింటి గోడకు, బాత్రూం గోడకు ఆనించి బీరువా పెట్టకండి. గోడకీ బీరువాకీ మధ్య చెయ్యి పట్టేంత జాగా వదలండి. కోస్తాలో ఉన్నవాళ్లకు చెమ్మతో పెద్ద యుద్ధం, వానాకాలంలో సిలికా జెల్ పొట్లాలు పెట్టి, అవి రంగు మారగానే వేడిచేసి తేమ పోగొట్టి లేదా కొత్తవి మార్చుతూ ఉండాలి.

కవర్లు. మార్కెట్‌లో దొరికే మందపాటి, వాసన వచ్చే, అతుక్కునే పీవీసీ కవర్లు వద్దే వద్దు, కొన్నేళ్లకు అట్టమీది రంగును లాగేసుకుంటాయి. పాలీప్రొపిలీన్ కవర్లు పర్వాలేదు, మైలార్ (పాలియెస్టర్ ఫిల్మ్) కవర్లు ఉత్తమం, కాస్త ఖరీదు. వెనకాల ఆమ్లం లేని అట్ట పెట్టండి. బట్టల షాపు చొక్కా అట్టలు పెట్టి నేను మొదట్లో ముప్పై సంచికలకు గోధుమరంగు మరకలు తెప్పించాను. కవరు మూతి పూర్తిగా అంటించేయకండి, మడిచి వదిలేస్తే చాలు.

సెల్లోటేప్ ముట్టుకోకండి. ఇప్పుడు అతుకుతుంది, పదేళ్లకు టేపు ఊడిపోతుంది, దాని జిగురు మాత్రం కాగితంలో ఇంకి గోధుమరంగు చారలా ఎప్పటికీ ఉండిపోతుంది. చిరుగు ఉంటే అలాగే కవరులో పెట్టండి. అతికించి తీరాలనుకుంటే పల్చటి జపాన్ కాగితం, గోధుమపిండి జిగురు వాడతారు. ముందు పనికిరాని పాత పత్రిక మీద పది సార్లు చేసి చూసుకోండి.

తుప్పు పట్టిన పిన్నులు మరో సమస్య. వేలితో లాగితే కాగితం ఊడి వస్తుంది. వెనక వైపు కాళ్లను పల్చటి చాకుతో నెమ్మదిగా నిటారు చేసి, తర్వాత ముందు వైపు నుంచి తీయాలి. వాటి బదులు నూలుదారంతో పాత రంధ్రాల్లోంచే ఒక కుట్టు వేస్తాను.

పురుగులకు నాఫ్తలీన్ ఉండలు వేసేవాళ్లున్నారు, పుస్తకాలకూ మనకూ మంచిది కాదు, నేను మానేశాను. వేపాకు, వస కొమ్ము వాడడం మన తాళపత్రాల నాటి అలవాటు. అవి పెడితే గుడ్డలో మూటకట్టి పక్కన పెట్టండి, పేజీల మధ్య వేపాకు పెడితే ఆకు మరకే మిగులుతుంది. కొత్తగా కొన్న కట్టను నేరుగా బీరువాలో పెట్టకండి, అదే అసలు సంగతి. నెల రోజులు వేరే డబ్బాలో ఉంచి చూడండి. పురుగు కనిపిస్తే గాలి చొరకుండా పాలిథిన్‌లో కట్టి డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు పెట్టండి, తీశాక గది వేడికి వచ్చేదాకా కవరు విప్పకండి.

చెదలకు మాత్రం ఇవేవీ పనికిరావు. నెలకోసారి ప్రతి అరా తీసి చూడడం ఒక్కటే మందు.

లామినేషన్ చేయిస్తే శాశ్వతంగా ఉంటుంది కదా?

వద్దు. వేడికీ జిగురుకీ కాగితం అక్కడే చచ్చిపోతుంది, దాన్ని మళ్లీ విప్పే దారి లేదు.

పుస్తకాలు తడిసిపోతే?

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మా పెదనాన్నగారి ఇంట్లోకి నడుంలోతు నీళ్లు వచ్చాయి. మంచం కింద ట్రంకుపెట్టెలో ఆయన 1960ల చందమామలు ఉన్నాయి. మేం లోపలికి వెళ్లగలిగేసరికి నాలుగు రోజులు గడిచాయి. పెట్టె మూత తీస్తే పుస్తకాలన్నీ ఉబ్బి ఒకే ముద్దలా బిగుసుకుపోయి, బయటికి రాలేదు. మా అన్నయ్య తొందరపడి ఒకటి లాగాడు, అట్ట చేతిలోకి వచ్చింది, పుస్తకం లోపలే ఉండిపోయింది.

ఆ రోజు మేం చేసిన మంచి పని ఇక లాగకుండా ఆగడం. పెట్టెను పక్కకు వంచి నీరు వంపాం, ముద్దను మొత్తంగా బయటికి జార్చాం. మంచినీళ్లతో పైన బురద కడిగాం, రుద్దలేదు. ఒకేరోజు అన్నీ ఆరబెట్టలేం కాబట్టి సగం పాలిథిన్ సంచుల్లో కట్టి, తెలిసినవాళ్ల ఐస్‌క్రీం షాపు ఫ్రీజర్‌లో పెట్టించాం. గడ్డకడితే బూజు ఆగుతుంది, మనకు టైమ్ దొరుకుతుంది. మిగతావి నీడలో, ఫ్యాన్ కింద, పది పేజీలకో తెల్ల టిష్యూ పెట్టి, గంటకోసారి మారుస్తూ ఆరబెట్టాం. ఎండలో పెట్టొద్దు, కాగితం వంకర్లు తిరుగుతుంది. మామూలు కాగితం పేజీలు విడివడ్డాయి. నున్నటి మెరుపు కాగితం అట్టలు ఒకదానికొకటి అంటుకుంటే మాత్రం ఆరాక విడదీయలేం, తడిగా ఉన్నప్పుడే నెమ్మదిగా విప్పాలి. నూట నలభైలో అరవై రెండు మిగిలాయి. వాటికి ఇప్పటికీ ఆ వాసన పోలేదు.

హైదరాబాద్ సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోని పాత ఉర్దూ పుస్తకాలకే 2000 ఆగస్టు వరదల్లో ఈ కష్టం వచ్చింది. కాబట్టి మీ ఇల్లు ఎంత ఎత్తులో ఉన్నా కింది అరలో పుస్తకాలు పెట్టకండి.

అమెరికాలో సూపర్‌మ్యాన్ కామిక్ కోట్లు పలికిందట. మన చందమామకు కూడా అంత వస్తుందా?

రాదు. ఆ ఆశతో ఈ పనిలోకి దిగొద్దు.

సూపర్‌మ్యాన్ మొదటిసారి కనిపించిన యాక్షన్ కామిక్స్ 1వ సంచిక 1938లో పది సెంట్లకు అమ్మింది. 2024లో ఒక కాపీ 60 లక్షల డాలర్లు పలికింది. దాని వెనక చాలా ఉంది. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో కాగితం పోగుచేసే కార్యక్రమాల్లో పాత కామిక్స్ గుట్టలుగా వెళ్లిపోయాయి, కాబట్టి మిగిలినవి తక్కువ. 1970 నుంచి ధరల పుస్తకం అచ్చవుతోంది. 2000 నుంచి పుస్తకం స్థితిని పరీక్షించి పదికి ఇన్ని మార్కులని వేసి ప్లాస్టిక్ డబ్బాలో బిగించి ఇచ్చే కంపెనీ ఉంది. అన్నింటికంటే ముఖ్యం, కొనేవాళ్లు వేలల్లో ఉన్నారు. మన దగ్గర వీటిలో ఏదీ లేదు. ధర అంటే ఆ రోజు ఇద్దరు మనుషులు ఒప్పుకున్న సంఖ్య, అంతే.

అక్కడ కూడా అందరూ బాగుపడలేదు. 1990ల మొదట్లో పెట్టుబడి అనుకుని జనం ఒక్కో సంచిక ఐదేసి, పదేసి కొని దాచారు. 1991 ఎక్స్-మెన్ మొదటి సంచిక 80 లక్షల కాపీలు పోయింది. అందరూ దాచినది అరుదెలా అవుతుంది? మార్కెట్ కూలింది, బోలెడు కామిక్ షాపులు మూతపడ్డాయి. పిల్లల చదువుకని దాచిన డబ్బు తీసి పాత పత్రికల మీద పెడతానని ఒకాయన నాతో అన్నారు. వద్దని రెండు గంటలు చెప్పాను.

స్కాన్ చేసి అందరికీ పంచొచ్చా?

మీ కోసం స్కాన్ చేసుకోండి, తప్పకుండా చేసుకోండి, కాగితం శాశ్వతం కాదు. పుస్తకాన్ని బోర్లించి నొక్కే స్కానరు వద్దు, వెన్ను విరుగుతుంది. పైనుంచి ఫోన్‌తో, కిటికీ పక్క వెలుతురులో తీయండి. పంచడం సంగతి వేరు. మన చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్లు హక్కులుంటాయి. కుటుంబరావు గారు పోయింది 1980లో, అంటే ఆయన రాసినవాటికి 2040 చివరిదాకా లెక్క. పాతది కాబట్టి అందరిదీ అనుకోవడం సరికాదు. స్కాన్లు సీడీల్లో వేసి అమ్ముకునేవాళ్ల దగ్గర దయచేసి కొనకండి.

సినిమా పాటల పుస్తకాలు, పోస్టర్లు కూడా కొనొచ్చా?

పాటల పుస్తకాలంటే నాకు ప్రాణం. పల్చటి గులాబీరంగు కాగితం, సగం కథ చెప్పి ఆపై వెండితెర మీద చూడండని ఊరించే ఆ ముగింపు, వెనక ఏదో తలనొప్పి మందు ప్రకటన. చందమామవాళ్లే విజయా సినిమా సంస్థవాళ్లు కాబట్టి 1957 "మాయాబజార్" పాటల పుస్తకం, అదే ఏడాది చందమామలు పక్కపక్కన పెట్టుకోవడం నాకొక సరదా. పోస్టర్ల జోలికి మాత్రం కొత్తవాళ్లు వెళ్లొద్దు, నకళ్లు ఎక్కువ. పాత పోస్టరుకి మడత గీతలుంటాయి, మడత దగ్గర రంగు రాలి ఉంటుంది. మడతే లేకుండా నిగనిగలాడుతుంటే అది మొన్న అచ్చయిందే.

అమెరికాలో ఉంటున్నాం. ఇక్కడ నుంచి ఎలా?

ఇండియా వచ్చినప్పుడు ఒక ఆదివారం అబిడ్స్‌కి కేటాయించండి, తెచ్చుకున్నవి చేతి సంచిలోనే పెట్టుకోండి. అక్కడి ఇళ్లలోని ఏసీ మన కాగితానికి మంచిదే. కవర్లు, ఆమ్లంలేని అట్టలు కూడా అక్కడ తేలిగ్గా దొరుకుతాయి. వచ్చేటప్పుడు ఇక్కడి స్నేహితులకి ఒక ప్యాకెట్ తెచ్చిపెట్టండి, చాక్లెట్ల కంటే ఎక్కువ సంతోషిస్తారు.

ఇంట్లో గొడవ అవుతోంది. ఏం చేయాలి?

వాళ్ల మాటలో న్యాయం ఉంది. ఒక బీరువా, నెలకు ఇంత డబ్బు అని ముందే ఒప్పుకోండి, దాటకండి. బీరువా నిండితే కొత్తది కొనేముందు ఒకటి ఎవరికైనా ఇవ్వాలి. నేను రెండేసి ఉన్నవన్నీ ఇలాగే ఇచ్చేశాను, వాటికి బదులుగా నాకు లేనివి చాలా వచ్చాయి. అలాగే రాత్రి పూట పిల్లలకు ఒక కథ చదివి వినిపించండి. మా ఇంట్లో గొడవ తగ్గింది అప్పుడే.

నా తర్వాత ఇవి ఏమవుతాయి?

పిల్లలకు ఇష్టం లేకపోతే బలవంతం చేయకండి. ఒక నోటుబుక్కులో ప్రతి సంచిక నెల, సంవత్సరం, ఎక్కడ ఎంతకు కొన్నారో, ఏ పేజీలు లేవో రాసి బీరువాలోనే పెట్టండి. అది లేకపోతే మీ తర్వాత వచ్చేవాళ్లకు అది కాగితాల గుట్ట, తూకానికి వెళ్లిపోతుంది. గ్రంథాలయానికి ఇవ్వాలనుకుంటే బతికి ఉండగానే వెళ్లి మాట్లాడండి. వేటపాలెం సారస్వత నికేతనం 1918 నాటిది, పాత పత్రికలకు పెట్టింది పేరు. రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయం, హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. అన్నీ తీసుకుంటారనుకోవద్దు, వాళ్లకు ఏ సంచికలు లేవో అడిగి ఆ జాబితా ప్రకారం ఇవ్వండి.

నా నోటుబుక్కు ఇప్పుడు మూడోది నడుస్తోంది. మొదటి పేజీలో "రాకాసి లోయ" ఆఖరి సంచికల ఎదురుగా వెల గడిలో "నాలుగు రూపాయలు" అని ఉంది, దాని పక్కన నాన్న తన చేత్తో "చదివితిని" అని రాసి తేదీ వేశారు.